అక్క సర్దిన సంచి

కొక్కేనికి వేలాడుతున్న నీలం సంచిని విసురుగా లాక్కుని, "ఇవాళ్టి నుంచి నా పిల్ల సంచి నేనే సర్దుకుంటాను!" అని చిన్నకోడలు ఇల్లు అదిరిపోయేలా ప్రకటించిన దగ్గర కదా, పోయినవారం మనం ఆగింది. వంటింట్లో అత్తగారు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దకోడలు మాత్రం తలెత్తకుండా "అలాగేనమ్మా" అని, ఆరిన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఆ మాటకి చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. కాదంటే పోట్లాడొచ్చు. అలాగే అనేవాళ్ళతో ఎవరైనా ఏం పోట్లాడతారు?

ఆవిడ మంట ఇవాళ్టిది కాదు లెండి. చిన్నకోడలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. గొంతు పెద్దది, మనసులో మాట దాచుకోవడం చేతకాదు, అందుకే ఇంట్లో అందరూ ఆవిణ్ణి 'హారన్' అంటారు. నెలల పిల్లని వదిలి మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చి ఆవిడ కుమిలిపోతుంటే, నేనున్నానని ముందుకొచ్చింది తోటికోడలు. పెద్దకోడలు అప్పటిదాకా ఆపరేషన్ థియేటర్లో నర్సు. పెళ్ళై ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఎవరూ అడక్కుండానే ఉన్న ఉద్యోగం మానేసి, బుడ్డిని చంకనేసుకుంది. బుడ్డి అంటే ఆ పిల్లే, ఇంకా మాటలు రావు, బుగ్గలు మాత్రం బోలెడు. ఆరోజు చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని అక్క చేతులు పట్టుకుంది. ఆ తడి ఆరకముందే కడుపుమంట మొదలైంది.

మొదలవకుండా ఎలా ఉంటుంది చెప్పండి? పిల్లకి మొదటి పన్ను వచ్చిందని ముందు చూసింది అక్క. ఏ పాట పాడితే ఊరుకుంటుందో తెలిసింది అక్కకి. పొద్దున హడావిడిలో తను ఎత్తుకుంటే, పిల్ల తన భుజం మీంచి అక్క వైపు చేతులు చాస్తుంది. చుట్టాలు ఫోన్ చేస్తే అత్తగారు "మా పెద్దకోడలు బంగారం" అనడం, ఆ బంగారం మాట ఈవిడ చెవిలో పడడం, ఈవిడ మూతి ముడుచుకోవడం రోజూ ఉండే తంతే.

దాని మీద పెట్రోలు పోసినవాడు ఒక రిటైరైన బ్యాంకు క్యాషియరు. ఈ వయసులో కారు నేర్చుకుంటానని స్కూల్లో చేరాడు. మొన్నొకరోజు నడిరోడ్డు మీద స్టీరింగ్ తిప్పుతూ, "మీ తోటికోడలిగారి పాప భలే ముద్దుగా ఉంటుందండీ! రోజూ పార్కులో చూస్తుంటాను, మా తోటికోడలు మీ స్కూల్లోనే నేర్పుతుందని ఆవిడే చెప్పారు. ఆ తల్లీకూతుళ్ళకి ఒకరంటే ఒకరికి ఎంత ప్రాణమో!" అన్నాడు. చిన్నకోడలి కాలు దానంతటది వెళ్ళి, నేర్పేవాళ్ళ వైపు ఉండే రెండో బ్రేకు మీద పడింది. కారు టక్కున ఆగిపోయింది. వెనక వచ్చేవాడు దిగి మరీ తిట్టాడు. ఆ తిట్లు క్యాషియరే పడ్డాడు పాపం, తప్పు తనదేననుకుని.

ఇదీ జరిగిన కథ. ఇక ఇవాళ్టి సంగతి.

ఇవాళ డ్రైవింగ్ స్కూలు వాళ్ళ విందు. స్కూలు యజమానిని అందరూ గేరు మాస్టారు అంటారు. ఆయన తన దగ్గర పనిచేసేవాళ్ళనీ, నేర్చుకునేవాళ్ళనీ కుటుంబాలతో సహా పార్కుకి పిలిచి భోజనాలు పెడుతున్నాడు. చంకలో పిల్ల, భుజాన సంచితో చిన్నకోడలు అక్కడ దర్జాగా అడుగుపెట్టాలి. ఆ క్యాషియరు చూడాలి. తల్లి ఎవరో లోకానికి తెలియాలి. అక్క రాకూడదు. అందుకే పిల్లని అత్తగారి ఒళ్ళో పడేసి, సంచి పట్టుకుని తన గదిలోకి వచ్చింది.

మంచం మీద బోర్లించేద్దామని చెయ్యెత్తింది కానీ, ఎందుకో ముందు జిప్పు తీసి చూసింది. చూడకుండా ఉన్నా బాగుండేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ సంచి సర్దిన తీరు ఎవరు చూసినా ముచ్చటపడతారు. ఎడమ వైపంతా పొడి సరుకు, కుడి వైపంతా తడి సరుకు. ఒక డైపరు, నాలుగు వైప్స్, కాస్త క్రీము, వాడేసింది చుట్టి పారెయ్యడానికి ఒక కవరు, అన్నీ కలిపి ఒక చిన్న గుడ్డసంచిలో. అలాంటి గుడ్డసంచులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి లాగితే ఒకసారి పని అయిపోతుంది, వెతుకులాట ఉండదు. పాలపొడి ఒక్కో సీసాకి సరిపడా ముందే కొలిచి విడివిడి డబ్బాల్లో పోసి ఉంది. వేడినీళ్ళ ఫ్లాస్కు ఒరిగిపోకుండా దానికి పక్కగుడ్డ చుట్టి ఉంది. బరువైనవన్నీ వీపు వైపుకి, తేలికవి బయటి వైపుకి. అన్నిటికన్నా పైన గిలక్కాయ, ఎందుకంటే పిల్ల గుక్కపడితే ముందు కావలసింది అదే. డాక్టరు చెయ్యి చాపేలోగా కత్తెర అందించిన చేతులు సర్దిన సంచి అది. పెద్దకోడలు అందులో చెయ్యి పెట్టినప్పుడు లోపలికి తొంగి చూడనే చూడదు. పిల్ల మొహంలోకే చూస్తూ, కబుర్లు చెబుతూ, కావలసింది కావలసినట్టు బయటికి తీస్తుంది.

ఆ చూడకపోవడం చూస్తేనే చిన్నకోడలికి ఎక్కడ లేని కుళ్ళూ పుట్టుకొచ్చేది. తను సంచిలో తల దూర్చి వెతికేంతసేపూ పిల్ల తన నడినెత్తినే చూస్తుంది మరి.

ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని అరలన్నీ తడిమింది. దొరికింది. అడుగున చక్కగా చుట్టి పెట్టిన ఒక కుర్తా. పిల్ల కక్కితే ఎత్తుకున్నవాళ్ళు మార్చుకోవడానికన్నమాట. బాగానే ఉంది, కానీ ఆ కుర్తా అక్కది.

"ఏవండీ! ఇది చూశారా?"

అద్దం ముందు తల దువ్వుకుంటున్న మొగుడు వెనక్కి తిరిగాడు. ఆయనకి బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. "ఆ, చూశా. రంగు బాగుంది" అన్నాడు.

"రంగు కాదండీ! ఇది అక్క కుర్తా. అంటే పిల్లని ఎత్తుకునేది ఎప్పటికీ ఆవిడేనన్నమాట. నేను ఎత్తుకోనన్నమాట. నా మీద పిల్ల కక్కదన్నమాట!"

"కక్కకపోతే మంచిదేగా."

"ఊరందరికీ కళ్ళద్దాలు పెడతారు. మీకెవరు పెడతారండీ?"

ఆయన దువ్వెన అక్కడే పెట్టి, కారు తుడవాలంటూ బయటికి జారుకున్నాడు. చిన్నకోడలు కుర్తాని మంచం అవతలికి విసిరికొట్టింది. ఇంకా ఏమున్నాయో చూద్దామని లోపలి జిప్పు లాగింది. లోపల మెత్తగా ఏదో తగిలింది. లాగితే పొడుగ్గా వచ్చింది.

తన చున్నీ! రోజూ కార్లో కూర్చునేటప్పుడు వేసుకునే పాత నూలు చున్నీల్లో ఒకటి. ఉతకలేదు కూడా. చెమట వాసన, సీటు వాసన, తన తలనూనె వాసన, అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

"అక్కా!"

హారన్ అని ఊరికే అనలేదు కదా, పక్కింట్లో కుక్క మొరిగింది. పిల్లకేమైనా అయిందేమోనని పెద్దకోడలు మడతపెట్టిన బట్టలు చేతుల్లో ఉంచుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఏంటిది?"

పెద్దకోడలు చున్నీ వైపు చూసి, కళ్ళు దించుకుంది. "నీ చున్నీ."

"నాదని నాకూ తెలుసు. ఉతకడానికి వేసిన నా చున్నీ నీ సంచిలోకి ఎలా వచ్చిందీ అని అడుగుతున్నా."

నీ సంచి అని తన నోటితోనే అన్నానని తెలిసి, చిన్నకోడలికి ఇంకా మండింది.

"బుడ్డి బయట నిద్రపోదమ్మా" అంది పెద్దకోడలు. "నేను ఎంత జోకొట్టినా, ఎంత తిప్పినా పోదు. నీ చున్నీ భుజం మీద వేసుకుంటే దాంట్లో మొహం దూర్చుకుని ఇట్టే పడుకుంటుంది. అందుకని విడిచిన బట్టల్లోంచి ఒకటి తీసి పెట్టుకుంటున్నా. నీకు చెప్పాల్సింది. చెప్పలేదు, తప్పే."

ఇంకొకరైతే ఆ మాటకి ఎగిరి గంతేసేవాళ్ళు. నా పిల్లకి నేనే కావాలి, నేను లేకపోతే నా గుడ్డయినా కావాలి అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. కానీ కుళ్ళు నెత్తికెక్కిన మనిషికి తియ్యటి మాట కూడా చేదుగానే వినపడుతుంది. చిన్నకోడలికి వినపడింది వేరే.

"అంటే, నా వాసన పూసుకుని నా పిల్లకి అమ్మవైపోదామనా?"

"అయ్యో, అది కాదమ్మా..."

"అదే! పార్కులో జనమంతా నిన్నే తల్లి అనుకుంటున్నారు. కాదు, నేను పెద్దమ్మని అని చెప్పావా? ఒక్కళ్ళకి, ఒక్కళ్ళకైనా చెప్పావా?"

పెద్దకోడలు నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. చెప్పలేదని దాంతోనే తేలిపోయింది.

"దొంగవి అక్కా నువ్వు! పిల్ల కావాలంటే కనాలి. ఇంకొకళ్ళు కన్నదాన్ని వాళ్ళ గుడ్డే కప్పుకుని కాజెయ్యడం కాదు."

హాల్లోంచి అత్తగారు పిల్లని ఎత్తుకుని గుమ్మందాకా వచ్చి, "ఏమే! నోటికి హద్దూ పద్దూ లేదా? ఏం మాటలే అవి!" అంది.

పెద్దకోడలు మడతపెట్టిన బట్టలు, అన్నీ బుడ్డివే, మంచం అంచున పెట్టింది. వంగి, మూల పడున్న తన కుర్తా తీసుకుంది. "గిలక్కాయ మాత్రం పైన పెట్టుకో" అని చెప్పి వెళ్ళిపోయింది.

నోరు జారిందని చిన్నకోడలికి తెలియకపోలేదు. వెళ్ళి "తప్పైంది అక్కా" అంటే అక్కడితో పోయేది. అనలేదు. అనబుద్ధి కాలేదు. చున్నీ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, సబ్బునీళ్ళ బకెట్లో ముంచి, కసితీరా నొక్కి నొక్కి పెట్టింది. బుడగలు పైకి తేలుతుంటే ఆవిడకి కాస్త చల్లబడినట్టనిపించింది.

తర్వాత సంచి సర్దింది. అక్క పెట్టినవి అక్క పెట్టినచోట పెట్టకూడదన్నదొక్కటే ఆవిడ పెట్టుకున్న నియమం. గుడ్డసంచులు విప్పేసి డైపర్లన్నీ ఒక కట్టగా అడుగున వేసింది. వాటి మీద పాలపొడి పెద్ద డబ్బా, వైప్స్ ప్యాకెట్టు, ఫ్లాస్కు, కొత్త గౌన్లు, తలకి పెట్టే పూల బ్యాండు, ఎవరో పుట్టినప్పుడిచ్చిన బొచ్చు కుందేలు. కుందేలు పట్టక జిప్పు మొరాయిస్తే మోకాలితో నొక్కి మూసింది. గిలక్కాయ ఎక్కడ పడిందో ఆవిడకే తెలియదు. పట్టుచీర కట్టుకుంది. సెంటు కొట్టుకుంది, ఒకసారి చాలక ఇంకోసారి.

పార్కులో మొదటి కాసేపు అంతా ఆవిడ అనుకున్నట్టే జరిగింది. చెట్టు నీడన బల్లలు వేసి ఉన్నాయి, జనం గుమిగూడారు. "అబ్బ, మేడం గారి పాపా! అచ్చం మేడమే!" అంది స్కూల్లో రిజిస్ట్రేషన్లు చూసే అమ్మాయి. చిన్నకోడలు పొంగిపోయింది. క్యాషియరు కూడా వచ్చాడు. "ఓహో, మీ తోటికోడలిగారి పాపని తీసుకొచ్చారా!" అన్నాడు సంతోషంగా.

"ఈ పాప నా పాపండీ. నేనే కన్నాను."

"మీరా?" అన్నాడాయన. అని, పిల్లని, ఆవిణ్ణి మార్చి మార్చి చూశాడు. "అవునవును, గొంతులో పోలిక ఉంది" అన్నాడు. అప్పటికే బుడ్డి ఏడుపు లంకించుకుంది.

డైపరు. ఏముంది, మార్చేస్తే సరి. చిన్నకోడలు చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని సంచి జిప్పు లాగింది. ముందు కుందేలు వచ్చింది. దాన్ని గేరు మాస్టారు పట్టుకున్నాడు. తర్వాత గౌన్లు వచ్చాయి, అవి రిజిస్ట్రేషన్ల అమ్మాయి పట్టుకుంది. పాలపొడి డబ్బా మూత మోకాలి దెబ్బకి ఊడిపోయి ఉంది. పొడి సగం వైప్స్ ప్యాకెట్టులోకి దిగి, తడికి జిగురై కూర్చుంది. ఆవిడ తల సంచిలో పెట్టి వెతుకుతూనే ఉంది, పిల్ల ఏడుస్తూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలో సలహా ఇస్తున్నారు. ఎలాగో డైపరు మార్చి, పాలు కలిపి పట్టింది. పిల్ల గుక్కెడు తాగి, తాగిందంతా పట్టుచీర మీద కక్కింది. మార్చుకోవడానికి ఏమీ లేదు. అక్క కుర్తా తీసేసి, దాని చోట తనది పెట్టుకోవాలని ఆవిడకి తట్టలేదు.

అయినా అదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఒక ఎత్తు. మళ్ళీ పట్టిన పాలతో కడుపు నిండినా, ఒంటికి పొడిగా ఉన్నా బుడ్డి ఏడుపు ఆపలేదు. నిద్ర ముంచుకొస్తోంది, పడుకోవడం లేదు. చిన్నకోడలు భుజాన వేసుకుని చెట్టు చుట్టూ తిరిగింది. పిల్ల ఆవిడ మెడలో మొహం దూర్చి, వాసన చూసి, వెంటనే తల వెనక్కి లాక్కుని గుక్కపట్టి ఏడ్చింది. ఇటు మార్చింది. మళ్ళీ అదే, వాసన చూడడం, ఏడవడం. రెండోసారికి చిన్నకోడలికి అర్థమైంది. తన ఒంటి మీద సెంటు తప్ప తన వాసన లేదు. తన వాసన ఉన్న ఒకే ఒక్క గుడ్డ ఇంట్లో సబ్బునీళ్ళలో ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే.

"వదినకి ఫోన్ చేద్దామా?" అన్నాడు మొగుడు భయపడుతూ.

"చేశారంటే చూడండి!"

"అది కాదు, పిల్ల..."

"పిల్ల నాది. నేను ఊరుకోబెట్టుకోగలను."

క్యాషియరు మంచివాడు, చెడ్డ ఉద్దేశం ఏ కోశానా లేదు. "పాపం, వాళ్ళమ్మ కోసం బెంగపెట్టుకున్నట్టుందండీ" అనేశాడు. అన్నాక తప్పు తెలిసి నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, అందరూ ఆవిడ వైపు జాలిగా చూశారు. చిన్నకోడలు ఇక అక్కడ నిలబడలేకపోయింది. వడ్డన మొదలవకముందే బయల్దేరిపోయారు. దారంతా పిల్ల ఏడుస్తూనే ఉంది. స్టీరింగ్ మొగుడి చేతిలో ఉంది, ఆయన తప్పుగా గేరు మార్చినా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అలా ఎప్పుడూ జరగలేదు.

ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో సూట్‌కేసు. పెద్దకోడలు ఎక్కబోతూ, కారు చూసి ఆగింది. అత్తగారు గేటు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"పుట్టింటికి వెళ్తానంటోందే! నేను చెబితే వినడం లేదు. నువ్వైనా చెప్పు, నువ్వన్న మాటకేగా వెళ్ళిపోతోంది!"

అక్కని చూడగానే బుడ్డి ఏడుపు ఆపింది. వెక్కుతూనే రెండు చేతులూ చాపి, ఒళ్ళంతా అటు విసిరింది. చిన్నకోడలు పట్టుకోకపోతే కింద పడేదే. పెద్దకోడలి చేతులు కూడా పైకి లేచాయి. లేచి, ఆగాయి. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఎక్కడికీ వెళ్ళొద్దులే అక్కా" అంది చిన్నకోడలు. పొద్దుటి పొగరు చాలామటుకు దిగిపోయింది ఆవిడకి. "ఏదో కోపంలో అన్నాను. దొంగ అని అనకుండా ఉండాల్సింది."

అక్కడితో పెద్దకోడలు ఊరుకుంటే ఈ కథ ఇంకోలా నడిచేది. కానీ ఆవిడ ఊరుకోలేదు.

"నువ్వన్నది నిజమేనమ్మా. కాకపోతే నేను దొంగిలించింది చున్నీ కాదు."

"మరి?"

"నువ్వు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుడ్డి రోజూ నిద్రపోతూ ఉంటుంది కదా? అది నిద్రొచ్చి కాదు. నేనే పడుకోబెడతాను."

చిన్నకోడలికి వెంటనే ఎక్కలేదు. "అంటే?"

"నువ్వొచ్చే వేళకి ముందు నీ చున్నీ వేసుకుని జోకొడతాను. ఆడుకుంటున్నా సరే ఆపించి పడుకోబెడతాను. ఒకసారి మెలకువగా ఉన్నప్పుడు నువ్వొచ్చావు. గేటు చప్పుడు వినగానే నా ఒళ్ళోంచి దూకి నీ మీదకొచ్చేసింది. అంతసేపూ నేను ఆడించానా, నన్ను వెనక్కి తిరిగైనా చూడలేదు." పెద్దకోడలు బుడ్డి మీంచి చూపు తిప్పుకుంది. "అది నేను చూడలేకపోయానమ్మా. మర్నాటి నుంచి చూడకుండా చేసుకున్నాను. నీ మీద కుళ్ళుకుని కుళ్ళుకుని చచ్చిపోతున్నాను నేను. ఇంక ఇక్కడుంటే ఇంకా ఏం చేస్తానో నాకే భయంగా ఉంది."

అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మొగుడు కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చిన్నకోడలికి కళ్ళ ముందు ఆ సాయంత్రాలన్నీ తిరిగాయి. సిగ్నళ్ళ దగ్గర పళ్ళు నూరుకుంటూ, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా, పరుగున వచ్చి చెప్పులైనా విప్పకుండా గదిలోకి వెళితే అక్కడ పడుకున్న పిల్ల. లేపితే ఏడుస్తుందేమోనని మంచం పక్కన నిలబడి చూసుకుని వెళ్ళిపోవడం. నా పిల్లకి నేనంటే ఏమీ లేదు అని ఎన్నిసార్లు బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చిందో! ఆ ఏడుపు అక్కకి వినపడే ఉంటుంది. వినపడి కూడా మర్నాడు మళ్ళీ పడుకోబెట్టింది.

పిల్ల ఇంకా అక్క వైపే గింజుకుంటోంది. చిన్నకోడలు దాని తల పట్టుకుని తన భుజానికి అదిమి పెట్టుకుంది.

"పోనివ్వండి" అంది ఆటో అతనితో.

"ఏమే!" అంది అత్తగారు.

"పోనివ్వండి అన్నానా!"

పెద్దకోడలు ఒక్కసారి తల ఊపి, ఆటో ఎక్కి కూర్చుంది. బండి కదిలింది. బుడ్డి కేరుమంది. చిన్నకోడలు పిల్లని గట్టిగా పట్టుకుని మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసింది. పొద్దున్నుంచీ వెలిగిన మంట చల్లారాల్సింది. ఇల్లు తనది, పిల్ల తనది, తప్పు అక్కది. ఇంతకన్నా ఏం కావాలి? కానీ లోపల నిలవలేక మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

గేటు దగ్గర స్కూటరు చప్పుడైంది. బావగారు వచ్చాడు, పెద్దకోడలి భర్త. ప్రింటింగ్ ప్రెస్సులో అర్జెంటు పని పడి పొద్దున్నే వెళ్ళినవాడు, వేళ్ళకి ఇంకా సిరా మరకలున్నాయి. అందరి మొహాలూ చూసి హెల్మెట్ తియ్యకుండానే, "ఏమైంది? ఆవిడేది?" అన్నాడు.

"పుట్టింటికి వెళ్ళిందిరా" అంది అత్తగారు. "ఇప్పుడే, ఆటోలో. నాలుగు రోజులుండి కోపం తగ్గాక వస్తుందిలే."

"పుట్టింటికా?" బావగారు మెట్టు మీద కూలబడ్డాడు. "ఏ పుట్టిల్లమ్మా? వాళ్ళ నాన్న పోయాక అన్నయ్య ఆ ఇల్లు అమ్మేశాడు. ఎక్కడికి పోయాడో చెల్లెలికి అడ్రసు కూడా ఇవ్వలేదు. మీ అందరి ముందు చులకనైపోతానని నన్ను చెప్పనివ్వలేదు. తనకి వెళ్ళడానికి ఈ ఇల్లు తప్ప ఇంకెక్కడుంది?"

అత్తగారు గోడకి చేరగిలబడింది. మొగుడు గబగబా ఫోన్ తీసి వదిన నంబరు నొక్కాడు. లోపల, పెద్దకోడలి గదిలోనే ఫోన్ మోగింది. ఆగి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అక్కడే మోగింది.

చిన్నకోడలు ఒక్క క్షణం ఆగలేదు. పిల్లని మొగుడి చేతుల్లో కుక్కి, ఆయన జేబులోంచి తాళాలు లాక్కుని పరుగెత్తింది. కక్కిన మరకల పట్టుచీరతోనే కారెక్కి, స్టార్ట్ చేసి, ఉన్నపళంగా వీధి చివరి దాకా తోలింది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికి వెళితే బస్టాండు, ఎడమకి వెళితే రైల్వేస్టేషను. రెండు వైపులా బారులు తీరి బండ్లు, ఎటు చూసినా ఆటోలే.

అక్క ఎక్కిన ఆటో ఎటు తిరిగింది?

ఆవిడకి తెలియదు. గేటు దగ్గర నిలబడి ఇంకాసేపు చూసి ఉంటే తెలిసేది. బండి కదలగానే, గెలిచినదానిలా పిల్లని భుజాన వేసుకుని వెనక్కి తిరిగేసింది.